పాపం ఎవరిది? శిక్ష ఎవరికి?

దైవశాస్త్రం ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో రాస్తారు, ఎవరి పక్షానో నిలబడి రాస్తారు. క్రైస్తవ దైవశాస్త్ర చరిత్ర అనగానే త్రిత్వం మీద, క్రీస్తు స్వభావం మీద జరిగిన వాదాలే చెబుతారు. 325 నికయ సభ, 451 కాల్సెడన్ సభ చెప్పేసరికి పాఠం అయిపోతుంది. ఆ రోజుల్లోనే బానిసత్వం గురించి జరిగిన ఆలోచన ఓ మూలన పడివుంది. దళితులు చదవాల్సింది దాన్ని.

ఇప్పటి టర్కీలో వున్న కప్పదొకియలో నిస్సా ఊరి బిషప్ గ్రెగరీ. 380 ప్రాంతంలో ప్రసంగి గ్రంథం మీద వరసగా ఉపన్యాసాలిచ్చాడు. నాలుగో దాంట్లో, దాసదాసీలను సంపాదించుకున్నానన్న మాట దగ్గర ఆగి యజమానిని నిలదీశాడు. భూమినంతా ఏలమని దేవుడు మనిషికిచ్చాడు గదా, ఆ మనిషికి ఎంత వెల కట్టావు? దేవుని స్వరూపాన్ని అమ్మేదెవరు, కొనేదెవరు? పాపపు చెరనుంచి విడిపించిన దేవుడే మనిషిని మళ్ళీ బానిసను చెయ్యనప్పుడు నువ్వెవడివి? ఇదీ అతని వాదం. బానిసల్ని దయగా చూడమన్న వాళ్ళు చాలామందే వున్నారు. అసలు బానిసను వుంచుకోవడమే తప్పని ఇంత సూటిగా అన్నవాళ్ళు ఆ కాలంలో కనబడరు.

గ్రెగరీ అక్క మక్రీనా తల్లిని ఒప్పించి, ఇంటి బానిస స్త్రీలతో ఒకే బల్ల దగ్గర తిని, ఒకేలాంటి పక్కల మీద పడుకునే బతుకు మొదలుపెట్టింది. అదే ఇంటి పెద్దన్న బాసిల్ మాత్రం పుట్టుకతో ఎవడూ బానిస కాడంటూనే, తెలివి తక్కువవాడు తెలివైనవాడి కింద వుండటం వాడికే మేలన్నాడు. ఇల్లు ఒకటే, బైబిలూ ఒకటే. తీర్పులు రెండు.

చర్చికి నచ్చింది మూడో తీర్పు. అది ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్‌ది. 413-426 మధ్య రాసిన 'దైవనగరం' పందొమ్మిదో భాగంలో, దేవుడు మనిషిని మనిషి కింద పెట్టలేదని అతనూ ఒప్పుకున్నాడు. మరి బానిసత్వం ఎట్లా వచ్చింది? పాపం వల్ల వచ్చిందన్నాడు. నోవహు శపించినప్పుడే దాసుడనే మాట లేఖనాల్లో మొదలైందన్నాడు. ఎవరికే శిక్ష తగునో దేవుడికి తెలుసన్నాడు. కాబట్టి బానిస మనస్ఫూర్తిగా సేవ చెయ్యాలట!

ఎక్కడో విన్నట్టు లేదూ? పూర్వజన్మ కర్మ అని మనకు చెప్పినదానికి ఇది దగ్గరి చుట్టమే. తేడా వుంది. కర్మ ఎవడి ఖాతా వాడిది. అగస్టీన్ చెప్పే పాపానికి మూలం ఆదాములో వుంది, అది మనుషులందరిదీ. అలాంటప్పుడు ప్రశ్న ఇంకా గట్టిది. పాపం అందరిదైతే శిక్ష కొందరికే ఎందుకు? యజమాని తన కోరికలకు బానిస, అది ఇంకా ఘోరమని జవాబు చెప్పాడు. కోరికల బానిస వీపు మీద కొరడా పడదు గదా!

అగస్టీన్ రాతిగుండె మనిషేమీ కాదు. ముసలితనంలో రాసిన ఒక ఉత్తరం 1981లో అచ్చయింది. స్వతంత్రుల్ని ఎత్తుకుపోయి అమ్మే వ్యాపారుల మీద అందులో మండిపడ్డాడు. హిప్పోలో అతని సంఘస్తులు సుమారు 120 మందిని విడిపించారు కూడా. కానీ ఆ కోపం ఎత్తుకుపోవడం మీద. చట్టప్రకారం బానిసైనవాడి జోలికి ఆ కోపం పోలేదు.

ఫలితం త్వరలోనే తేలింది. బానిసల్ని గురువులుగా తీసుకుంటే పవిత్ర సేవ మైలపడుతుందని, యజమానుల హక్కు పోతుందని 443లో పోపు మొదటి లియో రాశాడు. మైల, ఆస్తి ఒకే ఉత్తరంలో! యజమాని ఒప్పుకోకుండా బానిసను మఠంలో చేర్చుకోవద్దని కాల్సెడన్ సభ తీర్మానించింది. పదమూడో శతాబ్దంలో ఆక్వినాస్ ఈ పాపం వాదానికి అరిస్టాటిల్‌ని జోడించాడు. తెలివైనవాడి పాలన బానిసకే ఉపయోగమన్నాడు.

గ్రెగరీ ఎందుకు ఓడాడు? అతని మాట నిలిస్తే యజమానుల ఆస్తి నిలవదు. బానిసలున్న చర్చి ఆస్తీ నిలవదు. అతనికీ హద్దుంది. మాట్లాడిందంతా యజమానితోనే, బానిస వైపు తిరిగి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఇంట్లో బల్ల దగ్గర కూర్చున్న స్త్రీలు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. అయినా అతను అడిగింది యజమాని పాపాన్ని. దళిత దైవశాస్త్రం పాత పుస్తకాల్లోంచి ఏదైనా తెచ్చుకోవాలంటే ముందు ఆ ప్రశ్నను తెచ్చుకోవాలి.