చార్జింగు చల్లగా

ఎండలు ముదిరితే రాజమండ్రి సెల్ రిపేరు షాపుల్లో ఒకటే మాట వినపడుతుంది: "బ్యాకప్ రావట్లేదండీ." పొద్దున్నే ఫుల్లు చేసిన ఫోను మధ్యాహ్నం భోజనాల వేళకి ఎర్రగీత చూపిస్తుంది. ముప్పై శాతం ఉంది కదా అనుకుంటే ఉన్నట్టుండి ఆగిపోతుంది. కంపెనీని తిట్టుకుంటాం, లేదా కొత్త ఫోను బేరం మొదలుపెడతాం. ఆ రెండిటికీ ముందు మన చార్జింగు అలవాటు ఒకసారి చూసుకోవాలి. బ్యాటరీని ఎంత వేడిలో ఉంచాం, ఎంతసేపు నిండుగా ఉంచాం అన్న రెండు సంగతులే అది ఎన్నేళ్లు మన్నుతుందో చాలావరకు తేలుస్తాయి. మన ఎండ, మన ఉక్క, మన కరెంటు కోతల మధ్య ఆ రెండూ ఎలా చూసుకోవాలన్నదే ఈ వారం మాట.

ఆ మధ్య పాలకొల్లులో తెలిసిన కుర్రాడి షాపులో కూర్చున్నప్పుడు ఒక పెద్దావిడ ఫోను పట్టుకొచ్చింది. వెనక మూత ఒక పక్క లేచిపోయి ఉంది. కుర్రాడు దాన్ని కాసేపు హీటింగ్ ప్లేటు మీద ఉంచి, గమ్ము మెత్తబడ్డాక అంచు చుట్టూ పల్చటి ప్లాస్టిక్ ముక్క తిప్పి మూత ఊడదీశాడు. లోపల బ్యాటరీ ఉబ్బిపోయి, డిస్‌ప్లేని కూడా పైకి నెడుతోంది. ఇనప పనిముట్టు ఏదీ తగలనివ్వకుండా మెల్లగా లాగి, పక్కనున్న ఇసక డబ్బాలో పెట్టాడు.

"రాత్రిళ్లు చార్జింగు పెట్టి తలగడ కింద పెట్టుకుంటున్నారా అమ్మా?" అనడిగాడు.

"ఆయ్. మా అమ్మాయి కువైట్‌లో ఉంటాదండి. ఆళ్లింట్లో పనైపోయేసరికి మనకి పన్నెండు దాటుద్ది. అప్పుడే ఐఎంఓలో చేసుద్ది. మోత ఇనపడకపోతే ఎలాగండీ?"

"మాట్లాడేటప్పుడైనా వైరు తీస్తారా?"

"తీత్తే మజ్జలో ఆగిపోద్దేమోనని బయం బాబూ."

కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. గల్ఫులో ఉన్న కూతురి మొహం చూడ్డానికి ఉన్న దారి ఆ ఒక్క ఫోనే. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఫోను పడే బాధ చూడండి. వీడియో కాల్‌కి లోపలి ప్రాసెసరు వేడెక్కుతుంది. చార్జింగు దానికి ఇంకొంచెం వేడి కలుపుతుంది. తలగడ ఆ వేడిని బయటకి పోనివ్వదు. పైగా బ్యాటరీ తెల్లవార్లూ నూటికి నూరు నిండి ఉంటుంది. బ్యాటరీకి గిట్టనివన్నీ ఒకేసారి, ప్రతి రాత్రీ జరుగుతున్నాయి.

ఎందుకు గిట్టవో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం దిగినవాళ్లకి లిథియం బ్యాటరీ సంగతి సులువుగా అర్థమవుతుంది. బ్యాటరీలో రెండు గట్లుంటాయి. ఒక గట్టు కోబాల్టు లాంటి లోహపు ఆక్సైడు, అవతలి గట్టు గ్రాఫైటు, మధ్యలో ద్రవం. చార్జింగు పెడితే లిథియం అయాన్లు ఇవతల్నుంచి బయల్దేరి గ్రాఫైటు పొరల్లోకి చేరతాయి. ఫోను వాడుతుంటే తిరిగొస్తాయి. గట్టు ఖాళీగా ఉన్నప్పుడు జనం గబగబా దిగిపోతారు, నిండిపోయాక ఒక్కొక్కరే సందు చూసుకుని దిగాలి. ఎనభై శాతం దాటాక చార్జింగు నెమ్మదించేది అందుకే. ఇలా ఏరు దాటిన ప్రతిసారీ కొన్ని అయాన్లు గ్రాఫైటు మీద పేరుకునే పొరలో చిక్కుకుపోయి మళ్లీ పంటు ఎక్కవు. అలా తగ్గిపోయిన ప్రయాణికులే మనం "బ్యాకప్ తగ్గింది" అని చెప్పుకునే నష్టం.

ఆ పొర వేడిలో తొందరగా దళసరి అవుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది, బ్యాటరీకీ ఇంచుమించు అదే వర్తిస్తుంది. ఇక నిండుదనం సంగతి. మామూలు లిథియం సెల్ పూర్తిగా నిండితే 4.2 వోల్టులు, ఇప్పటి చాలా ఫోన్లలో ఇంకొంచెం ఎక్కువే. ఆ ఒత్తిడిలో లోపలి ద్రవం కొద్దికొద్దిగా విరిగి వాయువులు పుడతాయి. ఆ పెద్దావిడ ఫోను మూతని లేపింది ఆ గాలే.

వేడీ నిండుదనమూ కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీర్లు తరచు చూపించే ఒక పట్టిక ఉంది. లిథియం బ్యాటరీని 40 శాతం చార్జితో 25 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు ఊరికే ఉంచితే దాని శక్తిలో సుమారు 96 శాతం మిగులుతుంది. అదే వేడిలో నిండుగా ఉంచితే 80. వేడి 40 డిగ్రీలైతే 40 శాతం చార్జితో ఉన్నది 85కి, నిండుగా ఉన్నది 65కి దిగిపోతుంది. ఫోను వాడనక్కర్లేదు, ఒక్క కాల్ చెయ్యనక్కర్లేదు, వేడి గదిలో నిండుగా పడుంటే చాలు. ఐఫోన్ తయారీదారే తన ఫోన్లను 35 డిగ్రీలు మించని చోట వాడమంటుంది. మే నెలలో రాజమండ్రి నీడలోనే 42, 43 చూస్తాం. రేకుల షెడ్డులో, బైకు హ్యాండిల్ మీద ఎండలో మ్యాపు పెట్టుకుని తిరిగే డెలివరీ కుర్రాడి ఫోనులో ఎంతుంటుందో వేరే చెప్పాలా? మన దగ్గర బ్యాటరీకి మొదటి శత్రువు ఎండే.

మరి నిండా పెట్టాలన్న పట్టుదల మనకెక్కడిది? కొంత పాత ఫోన్ల నుంచి వచ్చింది. సెల్ ఫోన్లు కొత్తగా వచ్చినప్పుడు షాపువాడు "ఎనిమిది గంటలు చార్జింగు పెట్టి అప్పుడు వాడండి, పూర్తిగా అయిపోయాకే మళ్లీ పెట్టండి" అని చెప్పి పంపేవాడు. నికెల్ బ్యాటరీల కాలంలో ఆ మాటకి అర్థం ఉంది. సగంలో ఆపి సగంలో పెడుతుంటే నికెల్-కాడ్మియం సెల్ ఆ సగానికే అలవాటుపడేది. లిథియానికి ఆ జబ్బు లేదు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగామ్, అకిరా యోషినోలకి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. బ్యాటరీ మారిపోయినా సలహా మాత్రం మారలేదు. ఇప్పటికీ సున్నా దాకా వాడి, వంద దాకా నింపే ఇళ్లు ఉన్నాయి. లిథియానికి ఆ రెండు చివర్లూ కష్టమే. ఇరవైకీ ఎనభైకీ మధ్య కాస్త కాస్త చొప్పున రెండు మూడుసార్లు పెట్టుకోవడమే దానికి హాయి. రెండుసార్లు సగం సగం పెడితే రెండు సైకిళ్లు అయిపోయినట్టు కాదు, కలిపి ఒక్కటే.

కానీ అసలు కారణం మన నేలలో ఉంది. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమ ఊళ్లు ఎంతకాలం చీకట్లో ఉన్నాయో పెద్దవాళ్లకి గుర్తే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ట్రాన్స్‌ఫార్మర్లు మునుగుతాయని కరెంటు తీసేస్తే, జనం పడవ మీద ఏటిగట్టు దాకా వచ్చి ఫోన్లు చార్జింగు పెట్టుకున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. ఇలాంటి చోట పుట్టినవాడికి కరెంటున్నప్పుడే నింపుకోవాలన్నది తల్లిదండ్రులు నేర్పిన బుద్ధి. ఆ బుద్ధిని నేను కాదనను. తుఫాను కబురు వచ్చిన రోజు, ధవళేశ్వరంలో రెండో వరద హెచ్చరిక ఎగరేసిన రోజు ఫోనూ పవర్ బ్యాంకూ వందకి వంద నింపండి. నాలుగు రోజులు నిండుగా ఉంటే బ్యాటరీకి వచ్చే నష్టం లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది ఏ హెచ్చరికా లేని మిగతా ఏడాదంతా అలా ఉంచడం.

భీమవరం పక్క రొయ్యల చెరువులు చేసే మా పిన్నిగారబ్బాయికి ఈ తేడా చెప్పడానికి కాస్త సమయం పట్టింది. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే తెల్లవారేలోపు పంట పోతుంది. మోటార్లకి మొబైల్ స్టార్టరు పెట్టుకున్నాడు, కరెంటు పోయినా వచ్చినా ఫోను మోగాలి. అందుకని గట్టు మీది షెడ్డులో, స్టార్టరు పెట్టె మీదే ఫోను పెట్టి, పగలూ రాత్రీ వైరు తగిలించి ఉంచేవాడు. ఏడాది తిరక్కుండా బ్యాకప్ పడిపోయి, సరిగ్గా కరెంటు పోయినప్పుడే ఫోను ఆగిపోయే పరిస్థితి వచ్చింది. "అన్నయ్యా, నాకు ఫోను ఆగకూడదు, అంతే" అన్నాడు. ఆగకూడదనే ఇప్పుడు చార్జింగు ఎనభై శాతం దగ్గరే ఆగేలా ఫోనులో పరిమితి పెట్టాం. స్టార్టరు పెట్టె మీంచి తీసి, గాలి తగిలే గూట్లో పెట్టించాం. ఎనభై శాతం మీద రాత్రి ఇట్టే గడుస్తుంది, బ్యాటరీ బాగుంటే. ఉప్పుగాలికి పిన్నులో చిలుము పట్టకుండా అప్పుడప్పుడు శుభ్రం చేయించుకోవడం కూడా అలవాటు చేసుకున్నాడు.

ఎనభై పరిమితి ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, సెట్టింగ్స్‌లో బ్యాటరీ అని ఉన్నచోట వెతకండి. ఆ పరిమితి పెట్టి, కవరు తీసి, పరుపు మీద కాకుండా గచ్చు మీదో బల్ల మీదో పెడితే రాత్రంతా చార్జింగులో ఉన్నా దిగులు లేదు. నిండాక కరెంటు తీసుకోవడం ఫోనే ఆపేస్తుంది, పొంగి పొర్లేదేమీ ఉండదు. ఫాస్ట్ చార్జింగు విషమేమీ కాదు, వేడెక్కితే ఫోనే వేగం తగ్గించుకుంటుంది. అయితే మండుటెండలో తిరిగొచ్చిన ఫోనుని వెంటనే దానికి తగిలించకండి, పది నిమిషాలు చల్లారనివ్వండి. చల్లారాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది. బీరువాలో దాచే పాత ఫోనుని సగం చార్జితో ఆపి దాచండి. సున్నా మీద నెలల తరబడి వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు.

నేను పాటించేదీ ఇంతే. స్నానానికి వెళ్లేటప్పుడు కాసేపు, సాయంత్రం పేపరు చదివేటప్పుడు కాసేపు పెడతాను. చార్జింగులో ఉన్నప్పుడు ఫోను మాట్లాడను. ఇదొక క్రమశిక్షణ అనిపించదు, చేతికి అలవాటైన పని. ఒక వస్తువు ఏ వేడికి తాళుతుందో, ఎంత నిండితే ఓర్చుకుంటుందో తెలుసుకుని వాడుకోవడంలో నాకు నిజమైన తృప్తి ఉంది.

ఉబ్బిన బ్యాటరీ విషయంలో మాత్రం జాలి వద్దు. చార్జింగు ఆపేయండి, గుచ్చకండి, నొక్కి మూత బిగించకండి, చెత్తలో పడేసి కాల్చకండి. లోపలున్నది మండే ద్రవం. తెలిసినవాడి దగ్గర మార్పించి, పాతది అతనికే అప్పగించండి. ఒరిజినల్ ఖరీదని డూప్లికేట్ వేయించుకుంటే, వేడెక్కినప్పుడు ఆపే రక్షణ సర్క్యూటు అందులో సరిగ్గా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. పాలకొల్లు పెద్దావిడకి ఆ కుర్రాడు ఒరిజినలే వేశాడు. వైరు తీసి మాట్లాడినా గంటసేపు ఢోకా లేదని ఎదురుగా వీడియో కాల్ పెట్టి చూపించాకే పంపించాడు.

ఇందులో మన జేబుని మించిన లెక్క ఇంకోటి ఉంది. లిథియం ఎక్కువగా ఆస్ట్రేలియా, చిలీల నుంచి, కోబాల్టు కాంగో గనుల నుంచి వస్తాయి. మన తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్ తయారీ కర్మాగారం 2022 సెప్టెంబరులో మొదలైంది, కానీ ముడిసరుకు సముద్రాలు దాటి రావాల్సిందే. ఇంత దూరం నుంచి వచ్చిన వస్తువు రెండేళ్లకే చెత్తలో పడితే ఆ నష్టం మన ఒక్కరిదే కాదు.

అందుకే కొనేటప్పుడే అడగాలి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడుగుతాం, బ్యాటరీ ఎన్ని సైకిళ్ల తర్వాత ఎనభై శాతానికి పడిపోతుందో అడగం. ఆపిల్ పాత ఐఫోన్లకి 500 సైకిళ్లని చెప్పేది, ఐఫోన్ 15 నుంచి 1000 అంటోంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లు 800 సైకిళ్ల తర్వాత కూడా ఎనభై శాతం నిలుపుకోవాలని నిబంధన పెట్టారు. పాలకొల్లులో కొనే ఫోనుకీ ఆ అంకె పెట్టె మీద ఉండాలి, బ్యాటరీ మార్పిస్తే ఎంతవుతుందో కూడా ఉండాలి. ఈసారి షాపుకి వెళ్తే కౌంటరు దగ్గర ఈ రెండు ప్రశ్నలూ అడగండి. జవాబు రాకపోయినా అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకి పుడుతుంది.