అయిదుకు అయిదు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక ప్రశ్న. హైదరాబాద్ కంపెనీకి స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇంటి నుంచే పనిచేసే మా వీధి కుర్రాడొకడు, టీమ్ లీడ్, ఫోన్‌లో చూపించాడు. ‘దూరంగా ఉన్న టీమ్‌ను నడపగలనన్న నమ్మకం మీకెంత? ఒకటి నుంచి అయిదులోపు చెప్పండి.’ చూస్తుండగానే అయిదు నొక్కేశాడు. ‘‘అందరూ అయిదే ఏస్తరు కాకా. తక్కువేస్తే అప్రైజల్‌ల అడుగుతరు’’ అన్నాడు.

నమ్మకానికి మార్కులేమిటి అనిపించింది. అయినా కంటికి కనపడనివాళ్లతో కలిసి పనిచేయడం మా ఊరి స్టేషన్‌కు కొత్తా? కాజీపేట–సికింద్రాబాద్ లైన్ మాది. పాత పద్ధతిలో స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌ను ‘లైన్ క్లియర్’ అడగాలి. బండి రావచ్చనడానికి గుర్తుగా అవతలాయన ‘ప్రైవేట్ నంబర్’ చెప్పాలి. ఈయన దాన్ని టైముతో సహా రిజిస్టర్‌లో రాసుకోవాలి. అప్పుడే బండికి సిగ్నల్. అవతలాయన ఎలాంటి మనిషన్న మీమాంసే లేదు. నంబర్ చెప్పాడంటే బాధ్యత తీసుకున్నట్టే.

కంపెనీలకు మాత్రం ఆ మీమాంస తప్పలేదు. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్ 2022లో 11 దేశాల్లో 20,000 మందిని అడిగింది. బాగా పనిచేస్తున్నామని ఉద్యోగుల్లో 87 శాతం మంది అన్నారు. తమ టీమ్ పని మీద పూర్తి నమ్మకం ఉందన్న పైవాళ్లు 12 శాతమే. ఈ కొలతలన్నీ ఆపేసి, రైల్వేలా పద్ధతి పెట్టుకుంటే చాలని రాయబోయాను.

కానీ ఆ 12 శాతం ఎదుటివాళ్ల మీది నమ్మకం. మావాడిని అడిగింది తన మీద తనకున్న నమ్మకం. దీని మీద 1977లోనే సిద్ధాంతం చెప్పిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా, ఎలా కొలవాలో 2006లో వివరంగా రాశాడు: మొత్తంగా అడగొద్దు, ఒక్కో పనికి, ఒక్కో అడ్డంకికి సున్నా నుంచి వంద దాకా అడగండి అని.

అలాగే అడిగాను. మీటింగుల్లో నోరు విప్పనివాడితో మాట్లాడించగలవా? ‘‘ఎనభై.’’ కరెంటు పోయి నీకు నెట్ లేకున్నా పని ఆగకుండా చూడగలవా? ‘‘యాభై.’’ ఎన్నడూ ఎదురుగా చూడని అమ్మాయికి, నీ పని బాగాలేదని చెప్పగలవా? చాలాసేపు ఆలోచించాడు. ‘‘ఇరవై, కాకా.’’

కంపెనీకి తెలియాల్సింది ఆ ఇరవై. కాబట్టి కొలవాల్సిందే, అప్రైజల్‌తో ముడిపెట్టకుండా. రైల్వే కూడా ప్రైవేట్ నంబర్లిచ్చి ఊరుకోదు, స్టేషన్ మాస్టర్లను మళ్లీ మళ్లీ శిక్షణకు పంపుతుంది. మావాడికి అలా నేర్పేవాళ్లెవరూ రాలేదు. గ్రూపులో వద్దు, విడిగా ఫోన్ చెయ్యి, ఆ పని ఎందుకలా చేసిందో ముందు ఆమెనే అడుగు అని నాకు తోచింది చెప్పాను.