లేసరు కిరణమునకు కళ్ళజోడే రక్షణయా?

మన ఫ్యాక్టరీల చట్టము 1948లో వచ్చినది. అందు 35వ సెక్షను కార్మికుల కంటి రక్షణకు సంబంధించినది. ఎగిరిపడు తునకలవలన గాని, అధికమైన కాంతివలన గాని కంటికి హాని కలుగగల పనులలో తగిన తెరలో, తగిన కళ్ళజోళ్ళో సమకూర్పవలెనని నియమములు చేయు అధికారమును ఆ సెక్షను రాష్ట్ర ప్రభుత్వమునకిచ్చినది. సానరాయికి, కొలిమికి, వెల్డింగు పనికి ఈ వాక్యము చాలవరకు సరిపోయినది. కాని థియొడోర్ మైమన్ మొదటి లేసరును వెలిగించినది 1960 మే 16న. అనగా ఈ వాక్యము లేసరుకంటె పన్నెండేండ్లు పెద్దది.

2025 నవంబరు 21న పాత చట్టము స్థానమున, కార్మికుల భద్రతకై 2020లో చేసిన కోడు అమలులోనికి వచ్చినది. భద్రతా ప్రమాణములను ప్రకటించు అధికారము అందు కేంద్ర ప్రభుత్వమునకు కలదు. కనుక పాత వాక్యములోని గుణదోషములను ఇప్పుడు తరచి చూడవలసియున్నది.

మొదటి దోషము ‘అధిక కాంతి’ యను మాట. కాంతి అధికమైనచో కన్ను తానే మూసికొనును. ఇనుప రేకులను కోయు ఫైబరు లేసరు కిరణము సుమారు 1070 నానోమీటర్ల పరారుణము. అది కంటికి కనబడదు, కావున రెప్ప వాలదు. అయినను కంటిలోని కటకము దానిని రెటీనాపై కేంద్రీకరించును. 7 మిల్లీమీటర్ల కంటిపాపగుండా వచ్చిన కిరణము 20 మైక్రానుల చుక్కగా మారినదనుకొందము. వ్యాసము 350 రెట్లు తగ్గినది. అంతట తీవ్రత 350 వర్గము, అనగా 1,22,500 రెట్లు పెరుగును. ఈ లెక్క పదవ తరగతి విద్యార్థి వేయగలడు. రెటీనాకు నొప్పి తెలియదు. కాలిన సంగతి చూపు మందగించిన పిమ్మటనే తెలియును.

రెండవ దోషము తెరను, కళ్ళజోడును సమానముగా నిలిపిన ‘లేక’ యను మాట. తెరను ముందు చెప్పుట ఆ వాక్యమునకు గుణమే. కాని అవి సమానములు కావు. కళ్ళజోడు నిర్దిష్ట తరంగదైర్ఘ్యములకే ఉద్దేశింపబడును. పారదర్శకమైన పాలికార్బొనేటు అద్దము 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడు లేసరును ఆపును. 1070 నానోమీటర్ల కిరణమును పోనిచ్చును. అద్దము నల్లగానున్నంత మాత్రమున రక్షణ కలుగదు. పైగా కళ్ళజోడు ధరించినవానినే కాపాడును, ప్రక్కన నిలిచిన కూలివానిని కాపాడదు.

కాబట్టి వరుస ఇట్లుండవలెను: మొదట కిరణమును పెట్టెలో మూయుట; తలుపు తెరచినంతనే కిరణము ఆగునట్లు ఏర్పాటు; పిదప హద్దు గీచిన గది, శిక్షణ పొందిన మనిషి; చిట్టచివరకు కళ్ళజోడు. మూసియున్న యంత్రముపై ‘ఒకటవ తరగతి’ యని వ్రాసియుండుట చూచి మోసపోరాదు. మరమ్మతుకై మూత తీసినచో లోపలిది నాలుగవ తరగతి లేసరే. ఆ తరగతి 500 మిల్లీవాట్లకు పైన మొదలగును. చేత పట్టుకొని వెల్డింగు చేయు లేసరు వేయి వాట్లు, అనగా ఆ హద్దుకు రెండువేల రెట్లు. దానికి పెట్టెయే యుండదు. ఇనుముపైబడి చెదరిన కిరణము సయితము అపాయకరము.

ఇది దూరపు నగరముల సంగతి యని భావనపాడు తీరమునందలి ఉపాధ్యాయులు తలపరాదు. మొదట భావనపాడు పేరిట తలపెట్టి, పిదప మూలపేటగా పేరు మారిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. రేవు వెంట ఇనుప పని వచ్చును. ఇనుప పని వెంట చిన్న షెడ్లు వచ్చును. నేడు సంతబొమ్మాళి మండలపు బడులలో కటకముల పాఠము చదువు పిల్లలే రేపు ఆ షెడ్లలో నిలువవచ్చును.

కొత్త ప్రమాణములు ‘కాంతి’ యని ఊరకొనక తరంగదైర్ఘ్యమును, శక్తిని పేర్కొనవలెను. ‘లేక’ను తొలగించి వరుసను విధింపవలెను. అంతవరకు ఉపాధ్యాయులు లేసరు ఉపయోగములు చెప్పిన గంటలోనే పై లెక్కను కూడ వేయించుట మంచిది. కనబడని కిరణమునకు భయపడవలెనని చట్టము చెప్పకపోయినను, లెక్క చెప్పును.