చెవికి సాధన

కొత్త భాష మొదలుపెట్టేవాళ్లు ముందు మాటలు కూడబెడతారు. నేను ధ్వనుల దగ్గర ఆగుతాను. కాప్రాలో మా డాబా మీద ఇప్పుడు పొద్దున్నే నేను సాధన చేస్తున్నది హౌసా. ఆఫ్రికాలోని చాదిక్ భాషల్లో అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడేది ఇదే. ఉత్తర నైజీరియా, దక్షిణ నైజర్‌లలో కోట్లమందికి ఇంటిభాష. అరబ్బీకి, హీబ్రూకి దూరపు చుట్టం. బీబీసీ 1957 నుంచీ ఇందులో ప్రసారాలు చేస్తోంది.

హౌసాలో 'బ'లు రెండు. ఒకటి మన 'బ'యే. రెండోది పలకాలంటే పెదాలు మూసి, నాదం ఆగకుండా స్వరపేటికను కొంచెం కిందికి దించి, అప్పుడు పెదాలు విప్పాలి. గాలి బయటికి తోసుకురాదు, లోపలికి గుంజినట్టుంటుంది. గొంతు మీద వేలు ఆనించుకుంటే ఆ కదలిక తెలుస్తుంది. "మీ గొంతు కదలట్లేదు అంకుల్" అని నైజీరియాలోని కానో నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు ఓపిగ్గా దిద్దుతుంటాడు. ఇలాంటి ధ్వనులు ఆఫ్రికాలోనే ఉంటాయనుకోనక్కర్లేదు. సింధీలో నాలుగున్నాయి. దేశ విభజన తర్వాత సికింద్రాబాద్ చేరిన సింధీ కుటుంబాలు వాటిని వెంట తెచ్చుకున్నాయి.

హ్రస్వదీర్ఘాలు మనకు పుట్టుకతో వచ్చినవే. కష్టమంతా గొంతు స్థాయితోనే. 'గరీ' అంటూ మొదటి అక్షరం కింది స్థాయిలో, రెండోది పై స్థాయిలో పలికితే ఊరు. 'గారీ' అని రెండూ పైనే పలికితే పిండి. మామూలు హౌసా రాతలో ఈ రెంటికీ తేడా ఉండదు. అందుకే కాగితం పక్కన పెట్టి, ఆ కుర్రాడి గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని, కళ్లు మూసుకుని ఏది ఏదో పోల్చుకుంటాను. చెవి పట్టుకున్నాకే నోటికి పని.

రాసినట్టే పలుకుతామన్న గర్వం మనకుంది. మన అక్షరాల్లో లేని ధ్వని అసలు లేనట్టే అనుకోవడం అక్కణ్ణుంచే వస్తుంది. అలా అనుకోకుండా, ఉస్మానియాలో పనిచేసిన భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల నోట విని, 1969లో వాళ్ల భాషకు వ్యాకరణం ప్రచురించారు. ఆ వినికిడి పండితులకే ఉంటే చాలదు. గోండీ, కొలామీ, లంబాడీ ఇళ్ల పిల్లలు తెలుగు బడికొస్తున్నారు. వాళ్ల పలుకు తప్పని దిద్దే ముందు, వాళ్ల ఇంటిభాషలో ఏ ధ్వనులున్నాయో, ఏవి లేవో టీచరుకు తెలియాలి. ఉపాధ్యాయ శిక్షణలో చెవికి కూడా ఒక పీరియడ్ ఉండాలి.