బూజు వేరు, బూడిద వేరు

మందుల కొట్లో నిలబడి "కీరకి బూజు పట్టిందండీ" అన్నాను. కుర్రాడు తలెత్తకుండానే కార్బెండజిమ్ ప్యాకెట్ ఒకటి ముందుకి తోశాడు. రెండుసార్లు కొట్టాను. వారం తిరిగేసరికి పందిరి కింది ఆకులన్నీ పాత కాగితాల్లా గలగలలాడుతూ వేలాడాయి. తప్పు అతనిదెంతో నాదీ అంతే. నేను బూజు అన్నాను, అతనికి బూడిద అని వినిపించింది. ఆ ప్యాకెట్ మీద ఏం రాసుందో నేను చదవనూ లేదు.

బూడిద తెగులు ఆకు మీద పిండి చల్లినట్టుంటుంది, దాన్ని ఎవరైనా పోలుస్తారు. బూజు తెగులు అలా బయటపడదు. ఆకు పైన పసుపు మచ్చలు మాత్రం కనిపిస్తాయి. కీరలో అయితే ఆ మచ్చ ఈనె దాటి పోలేక మూలలు తేలి, గట్ల మధ్య మడిలా ఉంటుంది. గుమ్మడిలో అంత గీత గీసినట్టు ఉండదు. అసలు సంగతి ఆకు వెనక ఉంది. మంచు ఆరకముందే వెళ్లి తిప్పి చూస్తే బూడిద రంగులో, కొంచెం ఊదా కలిసిన నూగు. ఎండెక్కాక వెళ్తే ఎంత వెతికినా చాలాసార్లు దొరకదు. నేను పొలానికి వెళ్లేదేమో పదిన్నరకి!

పేరుకి బూజే గానీ ఇది అసలు శిలీంధ్రం కాదు. నీటి నాచులకి దగ్గరి చుట్టం. అందుకే శిలీంధ్రాల కోసం చేసిన కార్బెండజిమ్ దీని మీద పనిచేయదు. రాత్రి తేమలో ఆకు వెనక తయారైన బీజాలు పొద్దున గాలికి లేస్తాయి. తడిగా ఉన్న ఇంకో ఆకు మీద వాలితే పగిలి, అందులోంచి తోకలున్న సూక్ష్మ బీజాలు బయటికొచ్చి, ఆ నీటి పొరలో ఈదుకుంటూ ఆకు రంధ్రాల దాకా పోతాయి. ఈదడానికి నీళ్లుండాలి, అంతే. చల్లటి వాతావరణంలో ఆకు కొద్ది గంటలు తడిగా ఉంటే చాలు.

ఇది తెలిశాక నా సాయంత్రాలు గుర్తొచ్చాయి. కృష్ణ ఒడ్డున లంకలో మాకున్నది ముప్పై సెంట్లు. పొద్దు వాలాక పైపు పట్టుకుని పందిరంతా తడుపుతుంటే లేచే మట్టి వాసన నాకు మహా ఇష్టం. కార్తీకంలో అసలే ఏటి మీది మంచు. దానికి తోడు నేను పోసిన నీళ్లు. తెల్లవార్లూ ఆకులకి తలారా స్నానం! ఇప్పుడు డ్రిప్ పెట్టాను, నీళ్లు పొద్దున, మొక్క మొదలు దగ్గరే. మోకాలి ఎత్తు దాకా ఆకులు తీసేస్తాను. సాళ్ల మధ్య ఎడం పెంచాను. మొక్కలు తగ్గాయని ఇంట్లో అన్నారు, నిజమే.

కీరతో అసలు చిక్కు వేరే ఉంది. కాత మొదలైతే రోజు విడిచి రోజు కోయాలి, ఒక్క కోత తప్పితే కాయ ముదిరిపోతుంది. మందు డబ్బా మీదేమో కొట్టాక ఇన్నాళ్లు కోయొద్దని ఉంటుంది. ఆ గడువూ ఈ కోతా ఎక్కడ కలుస్తాయి? పైగా తొక్కతో పచ్చిగా తినే కాయ. అందుకే నేను కొట్టేదేదైనా పూత రాకముందే.

అదీ బోర్డో మిశ్రమమే. 1885లో ఫ్రాన్సులో మిల్లార్డే లోకానికి చెప్పిన మందు, ద్రాక్షకి పట్టే బూజు కోసం. దారిన పోయేవాళ్లు పళ్లు కోయకుండా తోటవాళ్లు మైలుతుత్తం, సున్నం చల్లిన తీగలకి తెగులు రాలేదని ఆయన గమనించాడట. నేను పది లీటర్లకి 50 గ్రాముల మైలుతుత్తం, అంతే సున్నం వేస్తాను. మామూలు ఒక శాతంలో ఇది సగం, ఎందుకంటే దోసజాతి ఆకు తేలిగ్గా మాడుతుంది. తుత్తం నీళ్లని సున్నపు నీళ్లలో పోసి, తోమిన చాకు ముంచుతాను. చాకుకి ఎర్రటి పూత అంటితే ఇంకాస్త సున్నం. ఇది ముందుజాగ్రత్తకే, వచ్చినదాన్ని పోగొట్టదు. తుత్తంలోని రాగి మట్టిలోంచి పోదు కూడా. యూరప్ సమాఖ్య హెక్టారుకి 7 ఏళ్లలో 28 కిలోలకి మించకూడదని హద్దు పెట్టింది.

పుల్ల మజ్జిగ కొట్టమని చాలామంది చెప్తారు. పాల మీద బ్రెజిల్లో 1999లో వచ్చిన పరిశోధన నిజమే, కానీ అది బూడిద తెగులు మీద. మళ్లీ అదే తికమక.

తట్టుకునే విత్తనం వేస్తే సరిపోదా అంటే, అదీ శాశ్వతం కాదు. అమెరికా కీరలని దశాబ్దాల పాటు బూజు నుంచి కాచింది మన దేశపు విత్తనం నుంచి తీసుకున్న నిరోధక గుణం. 2004లో కొత్త రకం బూజు దాన్నీ దాటేసింది.

బూజు పచ్చటి ఆకు మీదే బతుకుతుంది. పక్క చేను బాబాయ్ పాత కీర తీగ ఇంకా పందిరి మీదే ఉంది, ఆకులన్నీ మచ్చలు. నా కొత్త మొక్కలు రెండాకుల మీదున్నాయి. పీకేయమని మొన్న అడిగాను. "రోజూ నాలుగు కాయలొస్తున్నాయి కదయ్యా" అన్నాడు. రెండు కాయలు నా చేతిలో పెట్టాడు కూడా. తీగ ఇంకా అక్కడే ఉంది.