లీష్ పట్టిన చేయి

చెన్నై పెరంబూరులో మా కింది వాటాలో ఉండే నెల్లూరు వాళ్ల అబ్బాయికి ఏడేళ్లు. ఆటిజం ఉంది, మాటలు ఇంకా రాలేదు. ఓ శనివారం వాళ్లమ్మ తోడు రమ్మంటే, కుక్కతో చేయించే థెరపీకి వెళ్లాను. కుక్కను చూద్దామని వెళ్లినదాన్ని, ఉన్నంతసేపూ దాని లీష్ పట్టుకున్న ఆవిడనే చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ వాలంటీరు. కుక్క ఆవిడ ఇంట్లో పెరిగిన లాబ్రడార్. లోపలికి రాగానే పిల్లాడి దగ్గరికి తీసుకెళ్లలేదు. మూడడుగుల దూరంలో, మొహం అటు తిప్పి పడుకోబెట్టింది. వాడు చాలాసేపు ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు, "చూడు నాన్నా, కుక్క" అనలేదు. ఎప్పటికో జరిగి వచ్చి తోక మీద వేలు పెట్టాడు. అప్పుడు థెరపిస్ట్ బ్రష్ అందించింది. ఒకసారి వాడు దువ్వాలి, ఒకసారి ఆమె. వంతు వచ్చేదాకా ఆగడం, ఆనాటి పాఠం అదే. బొమ్మలతో అదే పాఠం నెలలుగా చెబుతున్నారట. బొమ్మ ఊపిరి పీల్చదు కదా. దువ్వుతుంటే ఇక్కడ కుక్క పొట్ట లేచి పడుతోంది, వాడి కళ్లు దాని మీదే ఉన్నాయి.

జంతువుల తోడుతో చేసే ఈ చికిత్సకు ముందుగా అక్షరరూపం ఇచ్చినవాళ్లలో అమెరికా మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ ఒకరు. ఎవరితోనూ కలవని ఓ పిల్లాడు తన కుక్క జింగిల్స్‌కు చేరువ కావడం గమనించి, 1962లో దాని గురించి వ్యాసం రాశాడు. హాంకాంగ్‌లో జిల్ రాబిన్సన్ 1991లో ఇలాంటి పనికే 'డాక్టర్ డాగ్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. దాన్ని చెన్నైకి తెచ్చింది, కెప్టెన్ సుందరం 1959లో నెలకొల్పిన బ్లూ క్రాస్. సి.పి. రామస్వామి అయ్యర్ ఫౌండేషన్ వారి సరస్వతీ కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల మధ్యకు కుక్కలు వచ్చింది అలాగే. వీధికుక్కల కోసం దశాబ్దాలుగా పాటుపడిన సంస్థే ఈ పనికీ పూనుకోవడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

ఆశపడే తల్లులకు ఒక మాట దాచకుండా చెప్పాలి. కుక్క వచ్చిందని మాటలు వచ్చేయవు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మానకూడదు. కుక్కలతో కాదు గానీ, గుర్రాలతో అమెరికాలో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు పది వారాలు గుర్రపుస్వారీ చేశారు. ఇంకో జట్టు అలాంటి శాలలోనే, గుర్రం లేకుండా పనులు నేర్చుకుంది. స్వారీ చేసినవాళ్లలో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గాయి. ఆ మేరకు నమ్మవచ్చు. మొరుగుడు విని చెవులు మూసుకునే పిల్లలు, ఆ వాసన భరించలేని పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను కుక్క దగ్గరికి తోయడం క్రూరత్వమే.

కుక్క సంగతీ అంతే. పెదాలు నాకడం, నిద్ర లేకుండానే ఆవులించడం, తల పక్కకు తిప్పేయడం అది ఇబ్బంది పడుతోందనడానికి గుర్తులు. మన ఎండలకైతే దాని రొప్పు కూడా కనిపెట్టాలి. ఆ వాలంటీరు చూపు పిల్లాడి చేతికీ కుక్క నోటికీ మధ్య తిరుగుతూనే ఉంది. మాటలతో వద్దని చెప్పలేని ఇద్దరి తరఫున ఆమె ఒక్కతే వినాలి. ఈ విద్యలో కష్టమంతా అక్కడే ఉందని నాకు అర్థమైంది.

పావుగంట కాకుండానే కుక్క రెండుసార్లు ఆవులించింది. ఆవిడ లేచింది.

"ఇంకో పది నిమిషాలు ఉంచరా అక్కా? రెండు బస్సులు మారి వచ్చాం" అంది వాళ్లమ్మ. గొంతు జీరబోయింది.

"తెలుసమ్మా. ఉండమంటే ఉంటుంది, నా మాట కాదనదు. అందుకే ఉండమనలేను."

వాడు బ్రష్ వదల్లేదు. ఆవిడ అడగనూ లేదు. వచ్చే శనివారం తెమ్మని వాళ్లమ్మకు చెప్పి, కుక్కకు నీళ్లు పట్టడానికి బయటికి నడిచింది.