అగాపే ఏమియు ఆశించదా? – నైగ్రెన్ ప్రేమ సిద్ధాంతముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

గ్రీకు భాషలో ప్రేమకు నాలుగు పదములున్నవను బోధ మన సంఘములలో అందరికీ పరిచితమే. ఎరోస్ శరీర సంబంధమైనది, స్తోర్గే కుటుంబ సంబంధమైనది, ఫిలియా స్నేహితుల మధ్య ఉండునది, అగాపే మాత్రమే దేవుని ప్రేమ, అదే నిజమైన ప్రేమ అని పెండ్లి ప్రసంగములలోను, యౌవనస్థుల కూటములలోను చెబుతాము. వెంటనే మరియొక మాట కూడా చేర్చుతాము: అగాపే తిరిగి ఏమియు ఆశించదు. మేమును అనేక సంవత్సరములు ఇట్లే బోధించియున్నాము. ఈ వ్యాసములో ఆ చివరి మాటను లేఖనముల వెలుగులో పరిశీలింపగోరుచున్నాము.

ఈ బోధకు వేదాంతపరమైన బలమును ఇచ్చినవాడు స్వీడను దేశపు లూథరన్ వేదాంతి ఆండర్స్ నైగ్రెన్ (1890–1978). ఆయన తరువాతి కాలములో లుండ్ బిషప్‌గాను, లూథరన్ ప్రపంచ సమాఖ్యకు మొదటి అధ్యక్షుడిగాను పనిచేశాడు. "అగాపే మరియు ఎరోస్" అను ఆయన గ్రంథము 1930లోను 1936లోను రెండు భాగములుగా వెలువడింది. ఎరోస్ కొరత నుండి పుట్టి, విలువగల దానిని పొందవలెనని పైకి ఎగబ్రాకుతుంది. అగాపే దేవుని నుండి క్రిందికి దిగివస్తుంది. ఎదుటివాని యోగ్యతను చూడదు. ప్రేమించుట ద్వారానే వానికి విలువను కలుగజేస్తుంది. అగస్టీను ఈ రెంటిని కలిపివేశాడనియు, లూథరు తిరిగి వేరుచేశాడనియు నైగ్రెన్ వాదన. కృపను ఇంత స్పష్టముగా చూపిన ఆధునిక గ్రంథములు కొద్దియే. పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెనను రోమా 5:8ని ఆయన తన సిద్ధాంతమంతటికిని కేంద్రముగా నిలిపాడు. ఆ విషయములో ఆయనతో మాకు వివాదము లేదు.

వివాదము పదములతో మొదలవుతుంది. నైగ్రెన్ తాను వెదకుచున్నది పదములను కాదు, మూలభావములను అని చెప్పుకున్నాడు. కాని ఆయన పేరుతో మన వేదికలపైకి వచ్చినది పదముల పట్టికయే. ఆ పట్టిక లేఖనముల యెదుట నిలువదు. 2 సమూయేలు 13వ అధ్యాయము చూడుడి. అమ్నోను తన సహోదరి తామారును బలాత్కరించిన వృత్తాంతమది. సెప్టువజింతు అనువాదకులు 1, 4 వచనములలో అతని కోరికకు వాడిన క్రియ అగాపావో. 15వ వచనములో ఆ కోరికకు పెట్టిన పేరు అగాపే. దేమా ఇహలోకమును స్నేహించి పౌలును విడిచిపోయినప్పుడును (2 తిమోతి 4:10), మనుష్యులు వెలుగుకంటె చీకటిని ప్రేమించినప్పుడును (యోహాను 3:19) అదే క్రియ. మరోవైపు తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని చెప్పునప్పుడు యోహాను ఒకచోట అగాపావో (3:35), మరియొకచోట ఫిలేయో (5:20) వాడాడు. లాజరు విషయములోను ఇంతే (11:3, 5). పదములలో పవిత్రత లేదు. ఎరోస్, స్తోర్గే అను నామవాచకములైతే క్రొత్త నిబంధనలో ఒక్కసారియైనను కనబడవు. పదము యొక్క అర్థము వాక్యములో ఉండును గాని పదములో దాగియుండదని జేమ్స్ బార్ 1961లోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మన ప్రసంగ పీఠముల వరకు ఇంకను చేరినట్లు లేదు.

అయినను పదముల పొరపాటును విద్యార్థి ఒక దినములో దిద్దుకొనగలడు. దాని వెనుక నున్న భావము మరింత లోతైనది. నిజమైన ప్రేమలో కోరిక ఉండరాదా? ప్రతిస్పందనను ఆశించుట ప్రేమను తక్కువ చేయునా?

నైగ్రెన్ తన సిద్ధాంతమును చివరివరకు తీసుకొనిపోయినందువలననే అతనికి చిక్కు వచ్చింది. ప్రేమ యోగ్యతను చూడకుండ పైనుండి క్రిందికి ప్రవహించునదియే అయితే, మనుష్యుడు దేవుని ప్రేమించుట ఎట్లు? దేవునికి మనము కలుగజేయగల విలువ ఏమున్నది? పౌలు అందుకే మనుష్యుని వైపున ప్రేమ కంటె విశ్వాసము అను మాటనే వాడుటకు ఇష్టపడ్డాడని నైగ్రెన్ జవాబిచ్చాడు. పూర్ణహృదయముతో దేవుని ప్రేమింపవలెనను ద్వితీయోపదేశకాండము 6:5ను ప్రభువు ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనదిగా చెప్పగా (మార్కు 12:30), ఆ ఆజ్ఞకు చోటు దొరకని ప్రేమ సిద్ధాంతము క్రైస్తవ సిద్ధాంతముగా సంపూర్ణము కానేరదు.

హోషేయ గ్రంథము ఈ విషయములో మనకు గొప్ప సహాయము. అక్కడ దేవుడు విడిచిపోయిన భార్యను వెదకు భర్తవలెను, బిడ్డకు నడక నేర్పిన తండ్రివలెను మాటలాడుచున్నాడు. ఎఫ్రాయిమును విడిచిపెట్టలేక ఆయన హృదయము తల్లడిల్లుచున్నది (11:8). ఏమియు ఆశించని ప్రేమకు అంత వేదన ఎక్కడనుండి వచ్చును? ఇశ్రాయేలు తిరిగి రావలెనని ఆయన కోరుచున్నాడు. ఆ కోరిక కొరతనుండి పుట్టినది కాదు, నిబంధన నుండి పుట్టినది. నైగ్రెన్ ఎంచని మూడవ మార్గమిదియే. ప్రతిస్పందనను ప్రేమకు షరతుగా పెట్టుట వేరు. ప్రేమించినందున ప్రతిస్పందన కొరకు కనిపెట్టుట వేరు.

యోహాను 21వ అధ్యాయమును కూడా ఇట్లే చదువవలెను. ప్రభువు రెండుసార్లు అగాపావో, మూడవసారి ఫిలేయో వాడాడు గనుక పేతురు స్థాయికి దిగివచ్చాడని వివరించుట మనలో వాడుక. అదే భాగములో యోహాను గొఱ్ఱెలకును, మేపుటకును, ఎరుగుటకును కూడ పదములు మార్చుచునే ఉన్నాడు. అది ఆయన శైలి. మన తెలుగు బైబిలు రెండు క్రియలకును "ప్రేమించు" అనియే వాడి తప్పు చేయలేదు. ఆ వివరణలో పడి మనము అసలు సంగతిని దాటిపోతాము. పునరుత్థానుడైన ప్రభువు తనను ఎరుగనన్న వానియొద్దకు వచ్చి, తన్ను ప్రేమించుచున్నావా అని మూడుసార్లు అడిగాడు. అడిగాడు! మన పట్టిక ప్రకారము అగాపే అట్లు అడుగరాదు.

అయితే ఈ బోధ మన మధ్య ఇంత సులభముగా ఎందుకు పాతుకొన్నది? కామమును జయించుట, ఫలమును ఆశింపక కర్మ చేయుట ఉన్నతమైనవను తలంపు మన భాషలోనే ఉన్నది. ప్రేమ, కామము అను జంట మనకు ముందే సిద్ధముగా ఉండగా, అగాపే, ఎరోస్ వచ్చి అందులో కూర్చున్నవి. నిష్కామ ఆదర్శమునకు దాని గౌరవము దానికున్నది. కాని దానికి గ్రీకు పేరు పెట్టి సువార్త అని బోధించునప్పుడు మనము ఏమి చేయుచున్నామో ఎరిగి చేయవలెను. పరమగీతము 8:6లో మరణమంత బలమైనదని చెప్పబడిన ప్రేమ కూడ సెప్టువజింతులో అగాపేయే. అది ఒకరినొకరు కోరుకొను స్త్రీపురుషుల ప్రేమ.

ఇది తరగతి గదిలో ముగిసిపోవు చర్చ కాదు. భర్త చేతి దెబ్బల గుర్తులతో ఒక సహోదరి తన కాపరి యొద్దకు వెళ్లి సలహా అడుగగా, అగాపే అన్నిటిని తాళుకొనును, తిరిగి ఏమియు ఆశింపకుము అని చెప్పి ప్రార్థించి పంపించిన సంగతి మాకు తెలియును. ఆ కాపరి చెడ్డవాడు కాడు. తాను నేర్చుకొనినదే చెప్పాడు. బహుశా మా వంటివారి యొద్దనే నేర్చుకొనియుండవచ్చును. 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో 7వ వచనమునకు ముందు 6వ వచనమున్నది: ప్రేమ దుర్నీతిని చూచి సంతోషించదు, సత్యముతో కలిసి సంతోషిస్తుంది. ఎఫెసీయులకు 5:28–29లో అగాపావో అను ఆజ్ఞ భర్తకు ఇయ్యబడింది; అతడు తన శరీరమును పోషించి సంరక్షించుకొనినట్లు భార్యను ప్రేమింపవలెను. అక్కడ పౌలు స్వంత శరీరముపై ఉండు మక్కువను కొలతగా తీసుకొన్నాడు. స్వప్రేమకు అగాపేలో చోటే లేదన్న నైగ్రెన్‌కు ఈ వచనము కష్టమే. మర్యాదగా చూడవలెనని భార్య ఆశించుట ఎరోస్ కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టమును ఆశ్రయించుట ఆమె ప్రేమలో లోపము కాదు. క్షమాపణ ఆమె ఇయ్యవచ్చును. మారుమనస్సు అతని యొద్దనుండి అడుగబడవలెను, అడుగవలసినవాడు మొదట కాపరియే.

సి.ఎస్. లూయిస్ 1960లో ప్రచురించిన "నాలుగు ప్రేమలు" అను పుస్తకమును మన పట్టికకు ఆధారముగా చూపుచుంటాము. కాని ఆ పుస్తకపు తొలి పుటలలోనే లూయిస్, ఇచ్చు ప్రేమను పొగడి, అవసరము నుండి పుట్టు ప్రేమను తక్కువచేయవలెనని మొదట తలంచి, అట్లు చేయలేకపోయితినని ఒప్పుకొన్నాడు. దేవుని యెదుట మనుష్యుని ప్రేమ చాలావరకు అవసరము నుండి పుట్టు ప్రేమయే గదా. ఆ పుటలు చదువకుండ నాలుగు పదములను మాత్రము తీసుకొన్నవారిలో మేమును ఉన్నాము. వచ్చే విద్యా సంవత్సరము నుండి ప్రసంగ శాస్త్ర తరగతిలో ఆ పట్టికను బోర్డు మీద వ్రాయునప్పుడు, దాని ప్రక్కనే తామారు వృత్తాంతమును విద్యార్థిచేత బిగ్గరగా చదివింపదలచాము.